ఒంట్లో నిలవ ఉండనిది

నా కుడి కాలి బొటనవేలు ఇప్పుడు మామూలుగానే ఉంది. గోరు కొంచెం వంకరగా వచ్చింది. పక్కన చర్మం ఒకచోట లేతగా, నున్నగా ఉంది. చెప్పులు వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ వేలు తీసేయాల్సి వస్తుందేమోనని నాలుగు నెలలకు పైగా భయపడ్డాను. అందులో రెండు నెలల భయం నేను చేతులారా తెచ్చుకున్నది. ఎలా తెచ్చుకున్నానో చెబితే మరొకరికి పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

మా ఆయన ఆనందరావు గాజువాక వైపు ఒక గాల్వనైజింగ్ షెడ్డులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశారు. ఇనుప గొట్టాలనూ, కమ్మీలనూ కరిగిన జింకులో ముంచి తీయడం ఆయన పని. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పట్టకుండా ఆ పూత కాపాడుతుంది. నేను ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకు దగ్గర. ఒక్కతే కూతురు సుజాత. దువ్వాడలో కాపురం, అక్కడే ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది.

రెండేళ్ల కిందట జనవరిలో ఒక ఆదివారం ఆయన చర్చిలో ఆరాధన నుంచి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు.

ఆ తర్వాత అయిదారు వారాలకు శ్రమకాలం వచ్చింది. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా నలభై రోజులు మా ఇళ్లలో మాంసం, చేపలు మానేస్తాం. ఆ ఏడు నేను గుడ్లు కూడా మానేశాను. ఈస్టర్ వచ్చింది. సుజాత కోడికూర వండి తెచ్చింది. రేపు తింటానులే అన్నాను. ఆ రేపు ఏడాదిన్నర దాటినా రాలేదు. చారు అన్నం, మజ్జిగ అన్నం, మధ్యలో టీ, టీలో రస్కు. ఒక మనిషి కోసం ఇంతకన్నా వండడం నాకు సిగ్గుగా ఉండేది.

శనివారాలు ఒడ్డు నుంచి చేపలు తెచ్చే నూకాలమ్మ మాత్రం గేటు దగ్గర ఆగడం మానలేదు. మా పెళ్లయిన కొత్తలో ఆమె తల్లి తెచ్చేది, తర్వాత ఈమె. ఇంట్లో పుస్తకాలు చూసి నన్ను టీచరమ్మ అంటుంది. నేను టీచర్ని కాదని చెప్పడం ఎప్పుడో మానేశాను. ఆయనకు వంజరం ఇష్టం కాబట్టి మాకు ఎప్పుడూ వంజరమే తీసిపెట్టేది. పీతలు మాత్రం మా గుమ్మంలో దించేది కాదు. పీత వండిన గిన్నె తగిలినా ఆయన ఒళ్లంతా దద్దుర్లు లేచేవి.

"ఏటి టీచరమ్మా, ఈయేల కూడా వద్దా?"

"వద్దు నూకాలమ్మా."

"మరేటి తింతన్నావ్? గాలి తినీసి బతుకుతన్నావేటి?"

"ఊరికే బరువు మోసుకుని మెట్లెక్కి రావడం ఎందుకు నీకు?"

"కొనకపోతే మానీ. సూసి ఎల్తాను."

నిజంగానే చూసి వెళ్లేది. ప్రతి శనివారం.

పోయిన ఏడాది జూన్‌లో సుజాత వచ్చి, నేను వండిన పప్పు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అమ్మా, ఇది పప్పా, సముద్రమా?"

నాకు ఆ పప్పు చప్పగా ఉంది. అందుకే ఉప్పు రెండోసారి వేశాను. అప్పుడు ఆలోచిస్తే, చాలా రోజులుగా నాకు ఏదీ రుచి తెలియడం లేదు. కొబ్బరినూనె వాసన తెలియడం లేదు. నేను దాన్ని జబ్బు అనుకోలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు అన్నం గడ్డిలా ఉంటుందని ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఇది అదేననుకున్నాను. పైగా, అలా ఉండడం సరైనదే అనిపించింది. చదివిన మనిషి చేసే తప్పు ఇది. ఒంట్లో ఏదైనా జరిగితే దానికి తగిన వాక్యం ఎక్కడో దొరుకుతుంది. దొరికాక ఇక డాక్టరు దగ్గరికి వెళ్లం.

జూలైలో గేటు నా కాలిమీద పడింది. ప్రతి ఏడూ వానల ముందు ఆయన దాని తుప్పు గీకి రంగు వేసేవారు. ఆయన పోయాక ఎవరూ వెయ్యలేదు. కింది మడతబందును తుప్పు తినేసింది. నేను లాగేసరికి ఊడి అంచు బొటనవేలి మీద దిగింది. పెద్ద దెబ్బ కాదు. ఇంజెక్షన్ చేయించుకుని, కట్టు కట్టించుకుని వచ్చాను.

ఆగస్టు ఆఖరుకి కూడా ఆ పుండు మానలేదు. పెరగలేదు, తగ్గలేదు. అంచులు తెల్లగా నానినట్టు, మధ్యలో పచ్చిగా ఉండేది. నోటి మూలలు పగిలాయి. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. జలుబు పోయిందనుకుంటే మళ్లీ పట్టేది. ఒక ఆస్పత్రిలో సర్జన్ చూశాడు. సుగరు అంచు మీద ఉందన్నాడు. మందులు మార్చాడు. "ఇన్ఫెక్షన్ ఎముకదాకా వెళితే వేలు తియ్యాలమ్మా. ముందే చెబుతున్నాను" అన్నాడు. మంచి మనిషే. కాకపోతే ఆ మాట చెబుతూ తన ఫోను చూసుకున్నాడు.

ఆ వెయిటింగ్ హాల్లో వరసగా ఇనుప కుర్చీలు. నా పక్కన కూర్చున్న ఆమెకు పాదం సగం లేదు. నా కట్టు చూసి, "ఏలేనా?" అని అడిగింది. వేలే అన్నాను. "ఏలైతే నడవగలవులే తల్లీ" అంది. ధైర్యం చెప్పాలనే అంది. ఇంటికి వచ్చి చాలాసేపు నా పాదాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆయన లేకపోయినా నడవొచ్చని నేర్చుకున్నాను. నా కాళ్లమీద నేను బజారుకీ, చర్చికీ, లైబ్రరీకీ వెళ్లి రావడమే నాకు మిగిలిన బతుకు. అది కూడా పోతే సుజాత ఇంట్లో ఒక గదిలో కూర్చోవాలి. సుజాత చాలా రోజులుగా అడుగుతున్నదీ అదే.

సెప్టెంబరులో సుజాత నన్ను ద్వారకా నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, రెండో అంతస్తులో చిన్న క్లినిక్. ఆవిడ కట్టు విప్పకముందే, అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

"నిన్న ఏం తిన్నారు?"

చెప్పాను.

"మొన్న?"

అదే చెప్పాను.

"పోయిన నెల?"

సుజాత నావైపు చూసింది. నేను గోడమీద క్యాలెండరు చూశాను.

రక్తపరీక్షలు వచ్చాయి. ఒంట్లో వాపు, మంట ఉన్నాయని చెప్పే అంకె ఎక్కువగా ఉంది. మాంసకృత్తులు తక్కువ. లివరు కొంచెం నలిగినట్టుంది. జింకు చాలా తక్కువ. ఆవిడ గుడ్లు, పప్పులు, చేపలు తినమంది. రోజుకి ఒక మాత్ర రాసింది. కిందికి వచ్చి మందుల షాపులో ఆ మాత్రల అట్ట చేతికి తీసుకున్నాను. వెనక ఉన్న పేరు చదివాను. జింకు.

మమ్మల్ని ఆటోలో తీసుకొచ్చింది అప్పారావు. షెడ్డులో మా ఆయనతో కలిసి పనిచేసినవాడు. ఆయన్ని బావా అని పిలిచేవాడు, అందుకని నేను చెల్లెమ్మని. షెడ్డు మానేశాక ఆటో నడుపుకుంటున్నాడు. నేను అట్ట చూపిస్తే పెద్దగా నవ్వాడు.

"జింకు మాత్రలేటి సెల్లెమ్మా? మనకా? నన్నూ నిన్నూ కరిగిత్తే నీ గేటుకి పూత పడిపోద్ది!"

నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక నవ్వు పోయింది.

షెడ్డులో సెలవు తర్వాత మొదటి రోజు పనికి వెళ్లినప్పుడు ఆయనకు ఒక్కోసారి జ్వరం వచ్చేది. సాయంత్రానికి వణుకు, దగ్గు, నోట్లో ఏదో లోహం చప్పరించినట్టు ఉందనేవారు. వాళ్లు దాన్ని పొగ జ్వరం అనేవాళ్లు. నేను పాలు కాచి, బెల్లం వేసి ఇచ్చేదాన్ని. తెల్లారేసరికి పోయేది. ఆయన యూనిఫాం మీద తెల్లటి పొడి ఉండేది. ఇరవై తొమ్మిదేళ్లు ఆ బట్టలు నా చేతులతో ఉతికాను. షెడ్డులో వాళ్లందరికీ, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లందరికీ ఒక నమ్మకం ఉండేది. జింకు ఒంట్లో పేరుకుపోతుందని. అది మనకు బతికినంత కాలం సరిపోతుందని కొందరు నవ్వుతూ అనేవారు. అదే ఏదో ఒకరోజు తినేస్తుందని కొందరు మెల్లగా అనేవారు. ఆయన పోయినప్పుడు నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ నా మనసులో ఆ తెల్లపొడి ఉంది.

ఆయన్ని తీసుకెళ్లినదాన్ని నేను నీళ్లతో మింగాలా?

మింగలేదు. ఆ అట్టలన్నీ ఆయన టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పెట్టి మూత బిగించాను. సుజాత సాయంత్రం ఫోను చేసేది.

"మాత్ర వేసుకున్నావా అమ్మా?"

"వేసుకున్నాను."

"గుడ్డు?"

"తిన్నాను."

చిన్నప్పటినుంచీ అబద్ధం చెప్పకూడదని దానికి నేర్పింది నేనే.

అక్టోబరులో జ్వరం వచ్చింది. వేలు ఎర్రబడింది. సర్జన్ ఎక్స్‌రే తీయించాడు. ఎముక ఇంకా బాగానే ఉందన్నాడు. నవంబరు ఆఖరుదాకా చూసి, మార్పు లేకపోతే తీసేద్దామన్నాడు. ద్వారకా నగర్ డాక్టరమ్మ మళ్లీ రక్తపరీక్ష చేయించింది. జింకు ఇంకా దిగింది.

"మాత్రలు వేసుకుంటున్నారు కదా?"

"వేసుకుంటున్నానండి."

"అయితే మీ పేగు దాన్ని లోపలికి తీసుకోవడం లేదేమో. ఎండోస్కోపీ చేద్దాం."

అప్పుడైనా చెప్పాల్సింది. సుజాత పక్కనే ఉంది. చెప్పలేకపోయాను. నా అబద్ధాన్ని వెతకడానికి నా గొంతులో గొట్టం దించారు. సుజాత సెలవు పెట్టి బయట బెంచీమీద కూర్చుంది. నాకు ఇచ్చిన మత్తు వదిలాక కళ్లు తెరిచి తలుపులోంచి చూస్తే, అది తలవంచుకుని పెదవులు కదుపుతోంది. ప్రార్థన చేసుకుంటోంది. లోపల ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పగానే ఏడ్చేసింది.

ఇంటికి వచ్చాం. నాకు మెత్తటి అన్నం క్యారియర్‌లో సర్దిపెట్టి దువ్వాడ వెళ్దామనుకుంది. వంటింట్లో గిన్నె మూత తెరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

అట్టలు చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏటమ్మా ఇది?"

నేను కాలి కట్టు సర్దుకున్నాను.

"ఒక్కటి కూడా చింపలేదు. ఒక్కటి. నేను కాలేజీలో సెలవులు అయిపోయి, ప్రిన్సిపల్ చేత మాటపడి, ఆ వరండాలో కూర్చుని దేవుణ్ణి బతిమాలుకుంటన్నాను. నువ్వు ఇవి దాచుకుంటన్నావ్. నాన్నతోపాటు నువ్వూ వెళ్లిపోదామనుకుంటన్నావా? అలా అయితే చెప్పేయ్, నేను రావడం మానేస్తాను."

"మీ నాన్నని తినేసింది అదే కదే" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ బట్టలు ఉతికింది నేను."

సుజాత నిలబడ్డ చోటే నేలమీద కూర్చుండిపోయింది. "ఇన్నాళ్లూ ఇది మనసులో పెట్టుకున్నావా? నాకు చెప్పొచ్చుగా. నేను ఆయన కూతుర్ని కానా?"

నా దుఃఖం నా ఒక్కదానిదే అన్నట్టు బతికాను. అది రెండేళ్లుగా మా ఇద్దరిదీ.

మర్నాడు ద్వారకా నగర్ వెళ్లాం. సుజాత ఆ అట్టలు తీసి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది. జరిగింది నేనే చెప్పాను. షెడ్డు, పొగ జ్వరం, పొడి, అన్నీ. ఆవిడకు కోపం రావాల్సింది. వచ్చిందేమో కూడా. పెన్ను మూత పెట్టి మాట్లాడింది.

"రత్నకుమారి గారూ, మీ ఆయన పీల్చింది పొగ. అది ఊపిరితిత్తుల్లో మంట రేపేది, అందుకే ఆ జ్వరం. ఆయన గుండెకీ దానికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పలేను. ఆయన్ని నేను చూడలేదు. లేదని చెబితే మీకు బాగుంటుంది, కానీ తెలియనిది చెప్పను. ఒకటి మాత్రం తెలుసు. అది మీ ఒంట్లో పేరుకుపోయి లేదు. మన శరీరం కొవ్వు దాచుకుంటుంది. ఇనుము కొంత దాచుకుంటుంది. జింకుకి అలాంటి కొట్టుగది లేదు. రోజూ కొంచెం తినాలి. మీరు ఏడాదిన్నరగా తినలేదు."

నేను వెంటనే నమ్మలేదు. ప్రశ్నలు అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. నాకు అర్థమైనంత ఇది. మనం తిన్నదాన్ని ఒళ్లు లోపల కాల్చి శక్తి తీసుకుంటుంది. కాల్చే చోట రవ్వలు లేస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వాటిని ఆర్పే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉంటుంది. రవ్వలు ఎక్కువై, ఆర్పేవి తక్కువైతే కణాలు దెబ్బతింటాయి. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటారట. ఆర్పే ఎంజైముల్లో కొన్నిటికి జింకు కావాలి. దెబ్బ తగిలినప్పుడు వచ్చే మంట, వాపు కొంతవరకు మంచివే, కానీ పని అయ్యాక అవి చల్లారాలి. చల్లారడానికీ జింకు తోడ్పడుతుంది. చర్మం, పేగు లోపలి పొర, నాలుక లాంటి, ఎప్పుడూ కొత్త కణాలు తయారుచేసుకునే చోట్లలో లోటు ముందు కనిపిస్తుంది. లివరు లాంటి పెద్ద అవయవాలకూ అది అవసరమే. నాకు రుచి పోవడం, నోరు పగలడం, వేలు మానకపోవడం వేరువేరు కష్టాలు కావు.

నాకు ఆయన చెప్పిన మాట గుర్తొచ్చి అడిగాను. "ఓడల అడుగున జింకు దిమ్మలు బిగిస్తారండి. ఉప్పునీళ్లలో ఇనుముకి బదులు అవి తరిగిపోతాయి, ఓడ మిగులుతుంది. ఇదీ అలాంటిదేనా?"

ఆవిడ నవ్వింది. "వినడానికి బాగుంది. కానీ కాదు. ఒంట్లో జింకు తను కరిగిపోయి మిమ్మల్ని కాపాడదు. తన చోట తను నిలబడి, ఎంజైముని సరైన ఆకారంలో పట్టి ఉంచుతుంది. అదే దాని పని."

ఆ పోలిక వదులుకోవడం నాకు కష్టమైంది. ఆయన పోర్టు గోడ దగ్గర నిలబడి చూపించిన పోలిక అది. కానీ బాగున్నంత మాత్రాన నిజమైపోదు. అంతవరకూ ఒకరి కోసం మరొకరు తరిగిపోవడమే ప్రేమ అనుకున్నాను. నేను తరిగినందువల్ల ఎవరికీ మేలు జరగలేదు.

"ఇంకొకటి" అంది డాక్టరమ్మ. "ఈ మాత్ర ఒక్కటే మీ వేలిని కాపాడుతుందనుకోకండి. గుడ్డు తినాలి, పప్పు తినాలి. శనగలు, నువ్వులు, మాంసం, చేపలు, పీతలు, మీకేవి నచ్చితే అవి. భోజనంతోపాటు టీ తాగకండి. నడక తగ్గించండి. డ్రెస్సింగ్ మానకండి. సుగరు పెరగనివ్వకండి. అన్నీ కలిస్తేనే."

ఆ మధ్యాహ్నం సుజాత ఎదురుగా కూర్చుని చూస్తుండగా ఒక గుడ్డు తిన్నాను. అది తెల్లకాగితం నమిలినట్టు ఉంది. తర్వాత మాత్ర వేసుకున్నాను. వాంతి కాకుండా కళ్లు మూసుకుని కూర్చున్నాను. సుజాత నా చెయ్యి పట్టుకుంది.

నవంబరంతా ఆటోలో డ్రెస్సింగ్‌కి తిరిగాను. అక్కడ ఒక నర్సు ఉండేది. సెలైన్ సీసాను తన అరచేతుల మధ్య కాసేపు పట్టుకుని, చల్లదనం పోయాక కాలిమీద పోసేది. ఎవరూ చెయ్యమనని పని అది. పేరు అడిగి రాసుకున్నాను.

అప్పారావు సంగతి కూడా చెప్పాలి. డాక్టరమ్మ చెప్పినదంతా నేను ఆటోలో అతనికి చెప్పాను. రెండు వారాల తర్వాత ఒకరోజు అతని మొహం పాలిపోయి ఉంది.

"ఏమైంది అన్నయ్యా?"

"ఏటీ నేదు సెల్లెమ్మా. కడుపులో తిప్పుతంది. నాను కూడా ఏత్తన్నాను కదా."

"ఏం వేస్తున్నావు?"

"జింకు. పొద్దున రెండు, సాయింత్రం రెండు. మోకాళ్లు నొప్పని."

ఆటో ద్వారకా నగర్ తిప్పించి, క్లినిక్ మెట్లెక్కించి పైకి లాక్కెళ్లాను. నన్ను తిట్టని డాక్టరమ్మ అతన్ని తిట్టింది.

"ఎవరు రాశారు మీకు?"

"ఎవరూ రాయనేదు. మంచిదే కదా డాక్టరమ్మా?"

"ఉప్పు కూడా మంచిదే. కిలో తింటారా? ఇలా నెలల తరబడి వేసుకుంటే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. రక్తం తగ్గుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మీ మోకాళ్ల నొప్పి అరిగిన మోకాళ్లది. ఆపండి ఇవాళే."

దిగి వచ్చాక అప్పారావు ఆటో స్టార్ట్ చేయకుండా కూర్చున్నాడు. "ఒంట్లో కొట్టు నిండా ఉందనుకున్నాం. నేదన్నారు. నేదు కదాని ఏసుకుంటే ఎక్కువైపోనాదన్నారు. మన బావ ఉంటే ఏటనీవాడో?" అన్నాడు.

"నవ్వేవారు" అన్నాను.

"అవును. నవ్వీసి, రాగి తీగ నమలమనీవాడు." ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆయన పోయాక ఆయన గురించి నేను నవ్వడం అదే మొదటిసారి.

ఇది చదివిన వాళ్లెవరూ నేరుగా మందుల షాపుకి వెళ్లకండి. నాకు లోటు ఉందని రక్తపరీక్ష చెప్పింది. అప్పారావుకి ఏ పరీక్షా లేదు. మానని పుండు ఉంటే, రుచి పోతే, అది దుఃఖమో వయసో అనుకోకుండా వెళ్లి చూపించుకోండి. నిన్న ఏం తిన్నారని డాక్టరు అడిగితే నిజం చెప్పండి.

నవంబరు ఆఖరు వారంలో సర్జన్ దగ్గరికి వెళ్లాం. సుజాత వాళ్లాయన కూడా వచ్చాడు. ఏది చెప్పినా వినడానికి సిద్ధమై వెళ్లాను. కట్టు విప్పి, లైటు దగ్గరగా తెచ్చి చూశాడు. ఈసారి ఫోను జేబులోనే ఉంది.

"ఏం చేశారమ్మా?"

"గుడ్డు తిన్నాను" అన్నాను.

అంచులు గులాబి రంగులోకి తిరిగాయన్నాడు. ఇంకో నెల చూద్దామన్నాడు. ఆ నెలాఖరుకి ఇంకో నెల అన్నాడు. వాయిదా అంత బాగుంటుందని నాకు అంతకుముందు తెలియదు.

రుచి కూడా ఒక్కసారిగా రాలేదు. డిసెంబరులో ఒకరోజు పోపులో మెంతులు పంటికింద పడి చేదు తెలిసింది. ఉమ్మేయలేదు. ఇంకో రెండు గింజలు తీసి నమిలాను. క్రిస్మస్ కేకులో తీపి సగమే తెలిసింది. జనవరిలో ఆయన జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నాం. వచ్చినవాళ్లకు నేనే టీ పెట్టాను, నిలబడి. ఆ నెలాఖరుకి పుండు పూర్తిగా మూసుకుంది. లివరు పరీక్ష మామూలుగా వచ్చింది. మాత్రలు ఇక ఆపేయమని, తిండి మాత్రం ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది. సుజాత వాళ్లాయన్ని వెంటబెట్టుకొచ్చి గేటు విప్పించి, కొత్త మడతబందు వేయించి, రంగు వేయించింది. దువ్వాడ వచ్చేయమని మళ్లీ అడగలేదు.

గుడ్డు తింటున్నాను, పప్పు తింటున్నాను, ఆదివారం సుజాత ఇంట్లో కూర తింటున్నాను. నా వంటింట్లోకి మాత్రం సముద్రం సరుకు ఇంకా రాలేదు. ఫిబ్రవరిలో మళ్లీ శ్రమకాలం దగ్గర పడింది. ఆరాధన అయ్యాక అందరూ ఎవరేం మానేస్తున్నారో చెప్పుకుంటున్నారు. పాస్టరు గారు నన్ను అడిగారు. ఈసారి ఏం మానాలో తెలియడం లేదన్నాను.

పాస్టరు గారు వయసులో నాకన్నా చిన్నవాడు. కొంచెం ఆలోచించి అన్నాడు: "మీకు రెండేళ్ల కిందటి శ్రమకాలమే ఇంకా నడుస్తోంది కదమ్మా. ముందు దానికి ఈస్టర్ చెయ్యండి."

ఆ శనివారం నూకాలమ్మ కేకకి నేనే గేటు దగ్గరికి వెళ్లాను.

"ఏటి టీచరమ్మా, సూసి ఎల్లిపోమంటావా?"

"దించు."

ఆమె బుట్ట దించి, నా మొహం చూసి, పైనున్న వంజరం ముక్క చేతిలోకి తీసుకుంది. అలవాటు.

"అది కాదు. పీతలున్నాయా?"

నూకాలమ్మ ఆగింది. "అయ్యగోరికి పడవు కదా" అని, అన్న తర్వాత నాలుక కరుచుకుంది.

"ఆయనకు పడవు. నాకు పడతాయి. చిన్నప్పుడు మా అమ్మ వండేది."

"ముప్పై ఏళ్లబట్టి వత్తన్నాను, నీ గుమ్మంలో పీత దించనేదు" అంటూ అడుగున ఉన్న చిన్న బుట్ట బయటికి తీసింది. నాలుగు పీతలు, డెక్కలు తాడుతో కట్టి ఉన్నాయి. "బతికున్నాయి, సూసుకో. డెక్కలు ఇరగ్గొట్టీసి ఇవ్వనా? నీ సేతులకి సాతవుద్దా?"

"కొట్టి ఇవ్వు."

మెట్టుమీద కూర్చుని శుభ్రం చేసి ఇచ్చింది. ఉల్లిపాయలు, చింతపండు, మిరియాలు వేసి అమ్మ చేసినట్టు పులుసు పెట్టాను. పీత తినడానికి చాలాసేపు పడుతుంది. చిప్ప విరవాలి, వేళ్లతో తవ్వాలి, చప్పరించాలి. మనసు వేరేచోట పెట్టి తినగలిగేది కాదు. నా పాదం చల్లటి నేలమీద ఆనించి, అయిదు వేళ్లూ ఆనించి, ఒక్కదాన్నే కూర్చుని గంటసేపు తిన్నాను.

ఉప్పు కొంచెం తక్కువైంది. లేచి వెళ్లి వేసుకున్నాను.